బేరం లేని రేటు

బేరమాడితే దిగని ధర ఈ లోకంలో ఒకటైనా ఉంటుందా అన్న అనుమానం సౌభాగ్యానికి ఏళ్ళ తరబడి ఉంది.

తమిళనాడులో ధర్మపురి దగ్గర స్థిరపడి, చింతపండు వ్యాపారం చేసే తెలుగువాళ్ళ ఇంటికి కోడలిగా వచ్చింది ఆమె. మండీలో ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర తెలుపుకుంటారు. పైకి కబుర్లు, కింద లెక్కలు. అది చూస్తూ తల నెరిసిన మనిషికి ప్రతి ధర కిందా ఎక్కడో ఒక తుండుగుడ్డ ఉండే తీరుతుందని నమ్మకం.

ఒక్క బండి ఇన్సూరెన్సు దగ్గరే ఆ నమ్మకం తడబడేది. ఏజెంటు మణికంఠన్ ఏటా తెచ్చే కాగితంలో రెండు వరసలు ఉంటాయి. మొదటి వరస సొంత బండికి దెబ్బ తగిలితే వచ్చే ఇన్సూరెన్సుది. గట్టిగా అడిగితే అది ఎంతో కొంత దిగేది. రెండో వరస థర్డ్ పార్టీది, పదహారు వేల చిల్లర. దాన్ని మాత్రం మొదటి ఏడు తప్ప మణికంఠన్ ఒక్క రూపాయి కూడా కదిలించేవాడు కాడు. ఎవరు పెట్టారు ఈ రేటు, పెట్టినవాడి దగ్గరికే పోయి అడగాలి అని ఏటా అనుకునేది. డబ్బు కట్టేశాక మరిచిపోయేది.

ఈ ఏడు మరిచిపోయే దారి లేదు. బండి పోలీస్ స్టేషన్‌లో ఉంది.

"మాట్లాడకుండా కూర్చుంటే బండి ఇంటికి వస్తాదా?" అన్నాడు భర్త గోవిందరాజు. పొద్దున్నే నామం పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా అరుగు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"నేనెక్కడ ఊరికే కూర్చున్నాను? చింతకాయ కొడతా ఉండాను" అంది సౌభాగ్యం. ముందు గోనెపట్టా మీద చింతకాయల కుప్ప. చిన్న సుత్తితో కొట్టి గింజ తీసి పక్కకు వేస్తోంది. ప్రతి దెబ్బా కాస్త ఎక్కువ గట్టిగానే పడుతోంది.

కొడుకు బాబు గుమ్మానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. ఊళ్ళో అందరూ కుట్టియానై, అంటే గున్న ఏనుగు, అని పిలిచే చిన్న లారీ తోలేది వాడే. మొన్న చింతపండు మూటలు వేసుకుని ధర్మపురికి పోతుంటే, నల్లంపల్లి మలుపు దగ్గర పెరుమాయి అనే పూలమ్మే ఆమె మోపెడ్‌కి బండి తగిలింది. ఆమె కాలు విరిగింది. బండి ఇన్సూరెన్సు ముందురోజు అర్ధరాత్రికే ముగిసిపోయింది.

"వారం దినాలు ఆ మణితో బేరమాడినది ఎవురు?" అన్నాడు గోవిందరాజు.

"వారం తరువాత మణి కాగితం తీసుకొని వాకిట్లో నిలబడితే, అమావాస్య, డబ్బు పెట్టె తెరవను అన్నది ఎవురు?"

"అమావాస్యనాడు లక్ష్మిని బయటికి పంపేదా? తమిళోళ్ళకి ఆ దినం మంచిది. అందుకే వాడు సంతోషంగా వచ్చినాడు. మనకి కాదు. మా తాత పెట్టె తెరవలేదు, మా నాయన తెరవలేదు."

"ఈ ఊరికొచ్చి ఎన్ని తరాలాయనో మనకే తెలీదు" అన్నాడు బాబు. పొద్దున్నుంచీ వాడు నోరు విప్పడం అదే మొదలు. "కన్నడ సీమనుంచి వచ్చే పాలు తాగతాం, తమిళ బడికి పోతాం. అమావాస్య వస్తే మాత్రం ఆంధ్రోళ్ళం."

"నోరు మూయరా. బండి తోలినది నువ్వు."

సౌభాగ్యం సుత్తి ఆపింది.

అప్పుడు గోవిందరాజు అసలు మాట చెప్పాడు. లాయరుని చూసి వచ్చాడట. ఇన్సూరెన్సు లేదు గనుక పెరుమాయికి కోర్టు ఎంత ఇవ్వమంటే అంత సొంత చేతి నుంచి ఇవ్వాలి. దానికి జామీను చూపించేదాకా బండి స్టేషన్ గడప దాటదు. రోడ్డు పక్కనున్న అరెకరం అమ్మితే తప్ప కుదరదు.

"అయితే ఇంకొక దోవ ఉండాది" అంటూ గొంతు తగ్గించాడు. "సేలంలో ఒకడు ఉండాడంట. పోయిన వారం తేదీతో పాలసీ చేసి పంపిస్తాడంట. సాయంత్రానికి ఫోన్‌లో వస్తాది. రేపు పొద్దున స్టేషన్‌లో కాగితాలు చూపించమన్నారు కదా, అది చూపిస్తాం."

"దొంగ కాగితమా?"

"కాగితం కాగితమే. తేదీ ఒకటే తేడా."

"నామం పెట్టుకొని ఆ మాట అంటా ఉండారే."

"నామం పెట్టుకున్నోడు అరెకరం అమ్ముకోవల్లనా? ఏ పెరుమాళ్ళు చెప్పినాడు?"

సౌభాగ్యం చింతపులుపు అంటిన చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, చేతిసంచి తీసుకుంది.

"ఎక్కడికి?"

"ధర్మపురికి. ఒక మాట అడగల్ల."

"ఎవుర్ని?"

"ఆ రేటు పెట్టినోళ్ళని" అని చెప్పులు వేసుకుంది.

ఇన్సూరెన్సు ఆఫీసు మెట్ల దగ్గర మణికంఠన్ ఎదురు చూస్తున్నాడు. తమిళుల ఇంట పుట్టినా తెలుగు వీధిలో పెరిగినవాడు కావడంతో తెలుగు వాళ్ళలాగే మాట్లాడతాడు. ఫోన్లో ఆమె గొంతు విన్నప్పుడే ఏదో జరగబోతోందని గ్రహించినట్టున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

"అక్కా, లోపల గట్టిగా మాట్లాడొద్దు. వీళ్ళు కట్టించుకునేవాళ్ళే గాని రేటు పెట్టేవాళ్ళు కాదు."

"ఆ మాట వాళ్ళ నోటితోనే చెప్పనీప్పా."

లోపల బండ్ల సెక్షన్‌లో ఇళవరసి అనే అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకు తెలుగు రాదు. మాటలన్నీ తమిళంలోనే సాగాయి.

"కూర్చోండమ్మా. క్లెయిమా, కొత్త పాలసీయా?"

"రెండూ కాదు. ఒక అనుమానం."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. ఆ కుర్చీలో కూర్చుని అంతకుముందు ఎవరూ ఆ మాట అని ఉండరు.

"ఈ థర్డ్ పార్టీ రేటు పెట్టేది ఎవరమ్మా?"

"సెంట్రల్ గవర్నమెంటు. ఇన్సూరెన్సు కంపెనీల మీద ఒక అధికార సంస్థ ఉంది. దాన్ని సంప్రదించి, ఈ బరువు బండికి ఇంత అని రేటు పెడతారు. మా దగ్గరైనా అంతే, ఎదురు బిల్డింగులో ఉన్న కంపెనీలోనైనా అంతే, కన్యాకుమారి పోయి కట్టినా అంతే. ఇలాంటి బండి మా మేనేజరు కొన్నా అంతే కట్టాలి."

"ఒక్క రూపాయి తగ్గిస్తే?"

"తగ్గించలేం. పెంచనూ లేం."

సౌభాగ్యం ఆ రెండో మాట దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్ళూ తగ్గడం లేదనే చూసింది. కంపెనీవాడు తనంతట తాను పెంచలేకపోయాడని ఒక్కసారీ అనుకోలేదు.

"గవర్నమెంటుకి ఎందుకమ్మా ఈ పని? చింతపండుకి పెట్టదు కదా ఇట్ల."

"చింతపండు కొనకపోతే పోలీసులు పట్టుకోరు. ఇది కొనే తీరాలని చట్టం. కొనక తప్పని సరుకుని అమ్మేవాడి ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుంది?"

ఏమవుతుందో సౌభాగ్యానికి ఎవరూ చెప్పనక్కరలేదు. వాన ముంచుకొస్తున్న రోజు, పెన్నాగరం నుంచి మూటలు మోసుకొచ్చిన రైతు వాటిని తిరిగి తీసుకుపోలేడని తెలిస్తే, తుండుగుడ్డ కింద వేళ్ళు ఏం మాట్లాడతాయో ఆమె చూసింది. తమ ఇంటివాళ్ళ వేళ్ళే.

"మరి ఆ మొదటి వరస?"

"అది కంపెనీల ఇష్టం. పోటీ ఉంటుంది, అందుకే అడిగితే తగ్గుతుంది."

"సరే. నా కొడుకు మొన్నటిదాకా ఒక కోడిని కూడా గుద్దలేదు. తాగి తోలేవాడికీ వాడికీ ఈ రెండో వరసలో ఒకటే రేటా?"

"ఒకటే."

"అది న్యాయమేనా?"

ఇళవరసి నవ్వబోయి మానేసింది. "ట్రైనింగ్‌లో నేనూ ఇదే అడిగానమ్మా. ఏదో చెప్పారు. గుర్తుపెట్టుకునేంత బాగా చెప్పలేదు."

ఆ జవాబు సౌభాగ్యానికి నచ్చింది. కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. "రేటు పెంచేముందు మమ్మల్ని ఒక మాట అడగరా?"

"ముసాయిదా నెట్‌లో పెడతారు. అభ్యంతరం ఉంటే ఎవరైనా రాసి పంపొచ్చు."

"నెట్‌లో పెడితే చింతకాయ కొట్టుకునే ఆడోళ్ళకి ఎట్ల తెలిసేది? మండీలో దండోరా వేయించమని చెప్పండి."

మణికంఠన్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకొక్క మాట, తల్లీ. కట్టేది నేను. దాంట్లో నా బండికి ఒక బోల్టు కూడా రాదు, నా కొడుక్కి కట్టుగుడ్డ కూడా రాదు. మరి ఇది ఎవరి కోసం కడతా ఉండాం?"

"ఇందులో మీరొకరు, కంపెనీ ఒకరు. మూడో మనిషి ఒకరుంటారు, రోడ్డు మీద తన దోవన తాను పోయే మనిషి. ఈ డబ్బు ఆ మనిషిది. బేరం జరిగేటప్పుడు ఆ మనిషి ఇక్కడ ఉండదు కదమ్మా. అందుకే ఆ రేటు మీ చేతిలోనూ పెట్టలేదు, మా చేతిలోనూ పెట్టలేదు అని నేను అనుకుంటాను."

పైన ఫ్యాను కిర్రుమంటోంది. తలరాత రాసేవాడు ఒకడున్నాడు, వాడి రాతకి ఎవరూ అభ్యంతరం రాసి పంపలేరు అనుకుంది సౌభాగ్యం. ఈ రేటు రాసినవాళ్ళు మనుషులే. అయినా ఇందులో ఆ దేవుడు మెచ్చే మాట ఒకటి ఉన్నట్టే తోచింది. పూర్తిగా న్యాయమని మాత్రం మనసు ఒప్పుకోలేదు.

"పోదాం పదప్పా" అంటూ లేచింది. "పెద్దాసుపత్రికి."

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం పెరుమాయిది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంది. మణికంఠన్ బయటే ఆగిపోయాడు.

"ఎవరమ్మా?"

"బండి మాది" అంది సౌభాగ్యం తమిళంలో. తిట్లకు సిద్ధపడి నిలబడింది.

పెరుమాయి ఆమెను ఎగాదిగా చూసింది. "ఆ అబ్బాయి నీ కొడుకా? వాడే నన్ను ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. నాకంటే వాడే ఎక్కువ ఏడ్చాడు. అన్నం తిన్నాడా?"

సౌభాగ్యం స్టూలు లాక్కుని కూర్చుంది.

"బుట్టెడు మల్లెమొగ్గలు రోడ్డు పాలయ్యాయి. పెళ్ళివాళ్ళవి. అడ్వాన్సు తిరిగి ఇయ్యమంటారు. బుధవారం ఆపరేషన్ అంటున్నారు. లోపల ఏదో ప్లేటు పెడతారట." కాస్త ఆగి, మర్యాదగా అడిగింది. "నీకేం ఇబ్బంది లేదులే అక్కా. ఇన్సూరెన్సు ఉంటే కంపెనీయే ఇస్తుందని వార్డులో అందరూ చెప్తున్నారు. నా కూతురికీ అదే ధైర్యం. ఉంది కదా?"

సౌభాగ్యం తాను తెచ్చిన కమలాపండు తీసి వలవడం మొదలుపెట్టింది. తొక్క తీసి, తొనలు విడదీసి, పీచు కూడా ఒక్కొక్కటే లాగి, ఆమె చేతిలో పెట్టింది.

ఆమె మణికంఠన్‌తో ఇల్లు చేరేసరికి దీపాల వేళ అయింది. గోవిందరాజు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. చేతిలో ఫోను వెలుగుతోంది.

"వచ్చేసింది" అన్నాడు. "చూడు. పేరు, నంబరు, ముద్ర, ఆ చుక్కల చదరం, అన్నీ ఉండాయి. అచ్చం నిజమైనదే."

మణికంఠన్ ఫోను తీసుకుని చూసి వెంటనే తిరిగి ఇచ్చేశాడు. "మామా, స్టేషన్‌లో నంబరు కొట్టి చూస్తే అప్పుడే తెలిసిపోతాది. ఒకవేళ అక్కడ తప్పినా కోర్టులో తెలుస్తాది. కంపెనీవాళ్ళు ఇది మాది కాదంటారు. అప్పుడు ఆయమ్మ కుంటుకుంటా ఒక దినం కంపెనీ కాడికి, ఒక దినం మీ కాడికి తిరగల్ల. మీ మీద ఇంకో కేసు పడతాది."

"కమీషను పోయిందని కదా నీ బాధ."

"మామా!"

"ఏం మామా? ఆ మొదటి ఏడు తప్ప ఒక్క రూపాయి తగ్గించినావా? ఆ పొద్దు తగ్గించి ఉంటే వారం ముందే కట్టేసి ఉంటిమి."

"ఆయప్ప తగ్గించలేడు" అంది సౌభాగ్యం. "అది గవర్నమెంటు పెట్టిన రేటు. దేశమంతా ఒకటే. కంపెనీవాడు తగ్గించలేడు, పెంచలేడు. మనం వారం దినాలు బేరమాడినది మణితో కాదు."

"మరి ఎవురితో?"

"పెరుమాయితో. ఆయమ్మ సొమ్ములో కోత అడిగినాం. నేను అడిగినాను, మీరు పెట్టె మూసినారు. ఇద్దరం సమానమే."

గోవిందరాజు ఏదో అనబోయాడు. ఈలోగా గుమ్మం దగ్గర నుంచి బాబు లేచి వచ్చాడు.

"ఆసుపత్రిలో ఏమన్నారమ్మా?"

"నువ్వు అన్నం తిన్నావా అని అడిగింది."

బాబు ముఖం తిప్పుకున్నాడు. "నాయనా, రేపు స్టేషన్‌లో చూపించవలసినది నేను. ఆ కాగితం నేను చూపించను."

"అరెకరం పోతాది రా."

"పోతాదేమో."

"పోతాదేమో అంట! నీ పెండ్లికని పెట్టుకున్న నేల రా అది."

"ఒక మనిషి కాలు విరగగొట్టి, దొంగ కాగితం చూపించినోడికి పిల్లనెవురు ఇస్తారు?" అన్నాడు బాబు. నవ్వించడానికి అన్నాడో నిజంగానే అన్నాడో వాడికే తెలియదు. ఎవరూ నవ్వలేదు.

వీధిలో నల్లంపల్లి టౌను బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. గోవిందరాజు ఫోను వైపు చూశాడు, లోపల పెరుమాళ్ళ పటం ముందు దీపం వైపు చూశాడు.

"ఆ రేటంటే గవర్నమెంటు పెట్టింది" అన్నాడు చివరికి. "మరి కాలికి రేటు ఎవురు పెడతారు?"

"కోర్టు, మామా. వయసు, సంపాదన, కాలు ఎంత పనికొస్తాది, అన్నీ చూసి చెప్తారు."

"దాంట్లో బేరం ఉంటాదా?"

"రాజీకి పోతే ఉంటాది."

"ఉన్నా మనం ఆడకూడదు" అంది సౌభాగ్యం.

గోవిందరాజు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

మణికంఠన్ చెప్పులు వెతుక్కుంటున్నాడు. సౌభాగ్యం అతన్ని ఆపింది. బస్సులో వస్తున్నంతసేపూ ఆమె లోపల ఒక ప్రశ్న తిరుగుతూనే ఉంది.

"ఇది గవర్నమెంటు రేటని ఇన్నేండ్లలో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదప్పా?"

"చెప్పినానక్కా. మొదటి ఏడే చెప్పినాను. మీరు నమ్మలేదు. ఐదు వందలు తక్కువగా నా చేతిలో పెట్టి, ఇంతే ఇస్తానని లోపలికి పోతిరి. అప్పుడు నాకు ఈ పని కొత్త. మొదట దొరికిన ఇల్లు మీదే. పోగొట్టుకోకూడదని ఆ ఐదు వందలు నేనే వేసి కట్టేసినాను."

"నువ్వు వేసినావా?"

"అట్ల వేయకూడదు. మా పనిలో అదీ తప్పే. మరుసటేడు మీరు, పోయినేడు తగ్గించినావు కదా అంటిరి. తగ్గించినోణ్ణి నేనే. తగ్గదని ఏ నోటితో చెప్పేది? అప్పటినుంచీ మీరు అడగతానే ఉండారు, నేను నవ్వతానే ఉండాను."

సౌభాగ్యం అతని ముఖంలోకి చూసింది. నవ్వే మనిషని అందరూ అనుకునే ముఖం. ఆ నవ్వు కింద అతను సొంత చేతినుంచి వేసిన ఐదు వందలు ఉన్నాయని ఎవరు ఊహిస్తారు?

లోపలికి వెళ్ళి అల్మరాలోంచి ఐదు వందల నోటు తీసుకుని వచ్చింది. చాపింది.

"ఛీ, వద్దక్కా. ఎన్నేండ్ల మాట అది. ఇప్పుడు మీకే కష్టకాలం."

ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. మణికంఠన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"తీసుకోప్పా" అన్నాడు గోవిందరాజు. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు. "ఆ చిన్న బాకీ తీరితేగాని ఈయమ్మ నన్ను పెద్ద బాకీ కాడికి పోనీదు."

తరువాత కళ్ళు తెరిచి, ఫోను కొడుకు వైపు చాపాడు. "ఆ కాగితం తుడిచేయ్ రా. నాకు చేతకాదు."

బాబు ఫోను అందుకున్నాడు. వాడి బొటనవేలు తెర మీద ఒక్క క్షణం ఆగి, కదిలింది.

మణికంఠన్ రెండు చేతులతో నోటు అందుకుని, కళ్ళకు అద్దుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వడ్డీ మాట ఎవరూ ఎత్తలేదు. రేపు పొద్దున స్టేషన్‌లో ఏం చెప్పాలన్నది కూడా ఇంకా ఎవరూ ఎత్తలేదు.